దూది పెట్టి ఎమ్మారై తీశారు, అమ్మకి చెవి గుయ్యిమంటోంది. వినికిడి పోతుందా?

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో చెబుతాను, చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. మీ అమ్మగారికి 58 ఏళ్లు. తల తిరుగుతోందని డాక్టరుగారు బ్రెయిన్ ఎమ్మారై రాశారు. 3 టెస్లా మిషన్ (టెస్లా అంటే అయస్కాంతం ఎంత బలమైనదో చెప్పే కొలత), లోపల దాదాపు 35 నిమిషాలు ఉంచారు. చెవుల్లో దూది మాత్రం పెట్టారు. బయటికి రాగానే రెండు చెవులూ దిబ్బడ వేశాయి. మర్నాటికి దిబ్బడ తగ్గింది గానీ, మూడో రోజుకి కూడా కుడి చెవిలో హోరు పోలేదు. వచ్చే నెల నడుముకి ఇంకో ఎమ్మారై ఉంది. "వినికిడి పోతుందా? రెండోది మానేయమంటారా?" అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. వినికిడి శాశ్వతంగా పోయే అవకాశం చాలా తక్కువ. రెండో స్కాన్ మానేయొద్దు. కానీ ఈసారి దూదితో లోపలికి పంపనివ్వొద్దు. చెవిలో సరిగ్గా దూర్చిన ఫోమ్ ఇయర్ ప్లగ్, వీలైతే దాని మీద హెడ్‌ఫోన్ కూడా ఉంటే ఎమ్మారై శబ్దం చెవికి భరించగలిగే స్థాయికి దిగుతుంది. హోరు మాత్రం మూడో రోజు కూడా ఉందన్నారు, అదీ ఒక్క చెవిలోనే అన్నారు. అందుకే ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించి, ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. ఎందుకో కింద రాస్తాను.

నేను డాక్టర్ని కాను, ఎమ్మారై టెక్నాలజిస్టుని. 19 ఏళ్లుగా ఆ గదిలోనే పని. మొదట గుంటూరులో 1.5 టెస్లా మీద, తర్వాత హైదరాబాదులో 3 టెస్లా మీద. కాబట్టి జబ్బు సంగతి డాక్టర్లకి వదిలేసి, మిషన్ గురించి, చెవికి ఏం పెట్టాలన్నదాని గురించి నాకు తెలిసినంతా రాస్తాను.

అసలు ఆ చప్పుడు ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. లోపల ఏదో తిరుగుతోందనుకుంటారు. సీటీ స్కాన్‌లో నిజంగానే ట్యూబు మన చుట్టూ గిర్రున తిరుగుతుంది, అయినా వచ్చేది పెద్ద ఫ్యాను తిరిగినంత రొదే. దానివల్ల చెవికి ఏమీ కాదు. ఎమ్మారైలో తిరిగేది ఏదీ లేదు. పెద్ద అయస్కాంతం లోపల గ్రేడియంట్ కాయిల్స్ అని రాగి తీగ చుట్టలు ఉంటాయి. బొమ్మ తీసేటప్పుడు వాటిలోకి వందల ఆంపియర్ల కరెంటు పంపి, సెకనుకి వందల సార్లు ఇటూ అటూ మారుస్తారు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగలో కరెంటు పారితే ఆ తీగని ఏదో నెట్టినట్టు అవుతుంది, ఇది స్కూల్లో చదివిందే. కరెంటు దిశ మారిన ప్రతిసారీ ఆ నెట్టుడు దిశ కూడా మారుతుంది. దాంతో కాయిల్ అంతా అదురుతుంది. లౌడ్‌స్పీకర్‌లో జరిగేది అచ్చంగా ఇదే. అంటే పేషెంటు ఒక పెద్ద స్పీకరు డబ్బాలో పడుకున్నట్టు లెక్క. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. 3 టెస్లాలో అదే కరెంటుకి నెట్టుడు రెట్టింపు అవుతుంది. అందుకే మీ అమ్మగారు పడుకున్న మిషన్ పాత మిషన్ల కంటే ఎక్కువ మోగుతుంది.

స్కాన్ మొదలుకాక ముందు కూడా చిక్... చిక్... అని ఒక చప్పుడు వస్తూ ఉంటుంది. అది హీలియంని చల్లగా ఉంచే పంపుది. దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. అసలు మోత సీక్వెన్సులు, అంటే ఒక్కో రకం బొమ్మ తీసే విడతలు, మొదలయ్యాక వస్తుంది. ఒక్కో సీక్వెన్సుది ఒక్కో గొంతు. టీ2 నడిచేటప్పుడు తలుపు కొట్టినట్టు టక్ టక్‌మంటుంది. గ్రేడియంట్ ఎకో వచ్చేసరికి టిర్ర్‌మని సన్నగా, పదునుగా మోగుతుంది. అన్నిటికంటే బిగ్గరగా మోగేది డిఫ్యూజన్. పక్షవాతం అనుమానంతో వచ్చినవాళ్లకి అదే ప్రాణం, అందులోనే తాజా స్ట్రోక్ తెల్లగా మెరుస్తుంది. రోడ్డు పగలగొట్టే డ్రిల్లు లాగా బుర్ర్‌మంటుంది, పేషెంటు పడుకున్న బల్ల కూడా అదురుతుంది. డిఫ్యూజన్‌కి మూలమైన, బొమ్మని చాలా వేగంగా తీసే ఎకో ప్లానార్ పద్ధతిని ఇంగ్లండ్‌కి చెందిన శాస్త్రవేత్త పీటర్ మాన్స్‌ఫీల్డ్ కనిపెట్టారు. 2003లో ఆయనకీ అమెరికా శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్‌కీ కలిపి ఎమ్మారై పరిశోధనకి నోబెల్ ఇచ్చారు. ఆ పద్ధతి తెచ్చిన మోత సంగతి మాన్స్‌ఫీల్డ్‌కి బాగా తెలుసు. తర్వాతి రోజుల్లో కాయిళ్ల చప్పుడు తగ్గించే మార్గాల మీద ఆయనే స్వయంగా పనిచేశారు.

ఇక అంకెలు. 1.5 టెస్లాలో మామూలు సీక్వెన్సులు 80 నుంచి 110 డెసిబెల్స్ దాకా ఉంటాయి. 3 టెస్లాలో గట్టి సీక్వెన్సులు 110 దాటి 120 దగ్గరికి కూడా పోతాయి. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుకి ఆనుకుని నిలబడినట్టు ఊహించుకోండి. డెసిబెల్ లెక్క మామూలు కూడిక లాంటిది కాదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. పని చేసే చోట రోజుకి ఎంత శబ్దం వినొచ్చో అమెరికాలోని నయాష్ సంస్థ ఒక పట్టిక ఇచ్చింది: 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు. అక్కడి నుంచి 3 పెరిగిన కొద్దీ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి 15 నిమిషాలు. అలా వెళ్తే 109 దగ్గర రెండు నిమిషాలు కూడా మిగలవు. అది రోజూ, ఏళ్ల తరబడి పని చేసేవాళ్ల కోసం వేసిన లెక్క, జీవితంలో ఒకటి రెండుసార్లు స్కాన్ చేయించుకునేవాళ్లకి యథాతథంగా వర్తించదు. అయినా వట్టి చెవులతో 35 నిమిషాలు లోపల ఉంటే చెవి మీద ఎంత భారం పడుతుందో దాన్ని బట్టి అర్థమవుతుంది.

అందుకే ఎమ్మారై మిషన్లకి వర్తించే అంతర్జాతీయ ప్రమాణం, ఐఈసీ 60601-2-33, ఒక హద్దు గీసింది. రక్షణ పెట్టుకున్నాక చెవి దగ్గర శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు. "రక్షణ పెట్టుకున్నాక" అన్న ఆ మాట చాలా ముఖ్యం. మిషన్ తయారు చేసినవాళ్లే పేషెంటు చెవికి ఏదో ఒకటి ఉంటుందన్న లెక్కతో దాన్ని తయారు చేశారు. చెవి వట్టిదైతే ఆ లెక్క తప్పుతుంది. నా మటుకు 99 అన్నది గరిష్ఠ హద్దు మాత్రమే, దానికి ఎంత కింద ఉంచగలిగితే అంత మేలు.

ఇప్పుడు దూది సంగతి. దూది గాలిని ఆపదు, శబ్దాన్నీ ఆపదు. మహా అయితే నాలుగైదు డెసిబెల్స్ తగ్గుతుందేమో, అదీ గట్టిగా కుక్కితే. మంచి ఫోమ్ ప్లగ్ ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దం ఎన్ని డెసిబెల్స్ తగ్గుతుందో చెప్పే అంకె) 29 అనో 33 అనో ఉంటుంది. అది ప్రయోగశాలలో వచ్చిన అంకె. నిజంగా చెవిలో పెట్టేసరికి అంత రాదు, సరిగ్గా పెడితే 20కి పైన వస్తుంది, పైపైన అంటించినట్టు పెడితే పదో పరకో. జత ఖరీదు పది ఇరవై రూపాయలు. స్కాన్‌కి వేలు తీసుకునే చోట దూదితో పని కానివ్వడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

దూది ఎందుకు వాడతారో కూడా చెబుతాను, అది తెలిస్తే రేపు మీరు సరిగ్గా అడగగలరు. చాలా సెంటర్లలో హెడ్‌ఫోన్ ఉంటుంది. నడుముకో మోకాలికో తీసేటప్పుడు దాన్ని పెట్టేస్తారు, ఇబ్బంది లేదు. కానీ బ్రెయిన్ ఎమ్మారైకి తల మీద ఒక పంజరం లాంటి హెడ్ కాయిల్ బిగించాలి. అది తలకి దగ్గరగా ఉండాలి కాబట్టి హెడ్‌ఫోన్ లోపల పట్టదు. తల కదలకుండా రెండు వైపులా స్పాంజి ముక్కలు పెడతారు. ఆ తొందరలో చెవుల్లో దూది పెట్టేసి "అయిపోయిందమ్మా, కళ్లు మూసుకోండి" అనేస్తారు. అంటే తల ఎమ్మారైలో, చెవులు సరిగ్గా మిషన్ నడిమధ్యన, మోత ఎక్కువ ఉండే చోట ఉన్నప్పుడే రక్షణ తక్కువగా ఉంటోంది. మీ అమ్మగారికి జరిగింది ఇదే అయి ఉంటుంది.

నేను పనిలో చేరిన కొత్తలో మా సెంటర్లోనూ దూదే వాడేవాళ్లం. ఒకరోజు 30 ఏళ్ల కుర్రాడు, ఫిట్స్ అని వచ్చాడు, అన్ని సీక్వెన్సులూ కలిపి దాదాపు 50 నిమిషాలు పట్టింది. బయటికొచ్చి నేను మాట్లాడుతుంటే నా నోటి వంక చూస్తున్నాడు. "ఏంటన్నా, బావిలోంచి మాట్లాడినట్టుంది" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. సాయంత్రానికి తేరుకున్నాడు, రెండు రోజులకి హోరు కూడా పోయిందని ఫోన్ చేశాడు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర పట్టలేదు. ఆ నెల నుంచే నా సొంత డబ్బుతో ప్లగ్గులు కొని పెట్టుకోవడం మొదలుపెట్టాను. తర్వాత మేనేజ్‌మెంటే ఒప్పుకుని స్టాకులో తెప్పించింది.

ఆ కుర్రాడికి వచ్చినదాన్ని తాత్కాలిక వినికిడి తగ్గుదల అంటారు. చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో సన్నని రోమాల్లాంటి కణాలు ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి ఇవే. ఒక్కో చెవిలో దాదాపు 15,000 ఉంటాయి, పుట్టుకతో వచ్చినవే, చచ్చిపోతే కొత్తవి రావు. పెద్ద శబ్దం తగిలితే మొదట ఇవి అలిసిపోతాయి. విశ్రాంతి దొరికితే గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తేరుకుంటాయి. అదే పదే పదే జరిగితేనో, శబ్దం మరీ ఎక్కువైతేనో తేరుకోకుండా చనిపోతాయి. మిల్లుల్లో పని చేసినవాళ్లకి అరవై ఏళ్లకి చెవుడు రావడం ఇలాంటిదే.

ఎమ్మారై విషయంలో ఇది ఊహ కాదు, కొలిచి చూశారు. 1988లో రేడియాలజీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, చెవికి రక్షణ లేకుండానో సరిగ్గా పెట్టకుండానో స్కాన్ చేయించుకున్నవాళ్లలో 43 శాతం మందికి వినికిడి తాత్కాలికంగా తగ్గింది. మళ్లీ 2018లో అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది. 26 మంది ఆరోగ్యవంతులకి చెవికి రక్షణ పెట్టాకే 3 టెస్లాలో 51 నిమిషాలు స్కాన్ చేశారు. వెంటనే పరీక్షిస్తే కొద్ది డెసిబెల్స్ తేడా కనిపించింది, 25 రోజుల తర్వాత చూస్తే అదీ లేదు. ఈ రెండూ పక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే: రక్షణ సరిగ్గా ఉంటే మిగిలేది చిన్నపాటి అలసట, అదీ తగ్గిపోయేది. రక్షణ లేకపోతేనే భయపడాలి.

మీ అమ్మగారి హోరు దగ్గరికి వద్దాం. శబ్దం వల్ల వచ్చిన హోరు మామూలుగా రెండు చెవుల్లోనూ ఉంటుంది, రెండు మూడు రోజుల్లో సన్నగిల్లుతుంది. ఒక్క చెవిలోనే మిగిలిందంటే కారణాలు రకరకాలు. ఆ వైపు దూది జారిపోయి ఉండొచ్చు. లేదా దూదిని లోపలికి నెట్టినప్పుడు గులిమి లోపలికి పోయి కర్ణభేరికి అంటుకుని ఉండొచ్చు. ఇది నేను చాలాసార్లు చూశాను, డాక్టరు గులిమి తీయగానే ఆ నిమిషంలోనే హోరు మాయమవుతుంది. ఇంట్లో మాత్రం పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో కెలకొద్దు, కాచిన నూనె పోయొద్దు. మూడో సంగతి, ఆవిడ స్కాన్‌కి వచ్చిందే తల తిరుగుతోందని. తల తిరగడం, ఒక చెవిలో హోరు ఈ రెండూ లోపలి చెవి జబ్బుల్లో కలిసే వస్తాయి. స్కాన్‌కి ముందు కూడా సన్నగా ఉండి, ఇప్పుడు శ్రద్ధ పెట్టి వినేసరికి తెలిసి ఉండొచ్చు. నెమ్మదిగా అడిగి చూడండి, నింద వేసినట్టు కాకుండా. ఒక్క చెవి హోరు మీద ఈఎన్‌టీ డాక్టర్లే ఎమ్మారై రాస్తారు, వినికిడి నరం మీద గడ్డ ఏమైనా ఉందేమో చూడటానికి. మీ దగ్గర ఎలాగూ కొత్త రిపోర్టు ఉంది, అది వెంట తీసుకెళ్లండి.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు: ఒక చెవికి ఫోన్ పెట్టుకుంటే మాటలు వినపడటం లేదు అంటే, అదే రోజు ఈఎన్‌టీకి వెళ్లండి. అకస్మాత్తుగా నరం వల్ల వచ్చే చెవుడుకి స్టెరాయిడ్ మందులు ఇస్తారు, అవి మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. అది స్కాన్ వల్ల వచ్చినా, కాకతాళీయంగా అదే వారంలో వచ్చినా, రోజులు గడవనివ్వకూడదు. ఈలోగా ఇంట్లో ఇయర్‌ఫోన్లు, మిక్సీ రొద, లౌడ్‌స్పీకర్ల దగ్గర కూర్చోవడం పది రోజులు మానిపించండి. రాత్రి నిశ్శబ్దంలో హోరు ఎక్కువ వినిపిస్తుంది, ఫ్యాను వేసి ఉంచితే కాస్త మరుగున పడుతుంది.

ఇక రెండో స్కాన్. నడుము ఎమ్మారై అంటున్నారు కాబట్టి తలకి పంజరం బిగించరు, హెడ్‌ఫోన్ పెట్టొచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో ఒక్క మాట అడగండి: "ఇయర్ ప్లగ్గులు ఇస్తారా, మేమే తెచ్చుకోవాలా?" తెచ్చుకోమంటే మందుల షాపులోనో ఆన్‌లైన్‌లోనో ఫోమ్‌వి కొనుక్కోండి. ఇనుప స్ప్రింగు, లోహపు తీగ ఉన్నవి వద్దు, వట్టి ఫోమ్. తాడు ఉన్నా నూలుదై ఉండాలి.

పెట్టే పద్ధతి ముఖ్యం. నేను ఎలా పెడతానో చెబుతాను. ముందు చెవి దిద్దులు, మాటీలు తీయించేస్తాం. పెద్దావిడలకి మరలు బిగుసుకుపోయి ఉంటాయి, ఇంటి దగ్గరే తీసుకొస్తే మేలు. ప్లగ్గుని రెండు వేళ్ల మధ్య దీపం వత్తి నలిపినట్టు సన్నగా నలుపుతాను, ముడతలు లేకుండా. రెండో చేత్తో తల వెనక నుంచి చెవి పై అంచు పట్టుకుని పైకీ వెనక్కీ లాగుతాను, అలా లాగితే లోపలి వంపు తిన్నగా అవుతుంది. అప్పుడు దూర్చి, వేలు పెట్టి అరనిమిషం అలాగే పట్టుకుంటాను. ఫోమ్ మెల్లగా ఉబ్బి గోడలకి అంటుకుంటుంది. సగానికి పైగా లోపల ఉండాలి. ముందు నుంచి చూస్తే చెవి బయటికి ఏమీ పొడుచుకొచ్చి కనిపించకూడదు. పెట్టాక "అమ్మా, మీ పేరు చెప్పండి" అంటాను. ఆవిడ గొంతు ఆవిడకే కుండలోంచి వచ్చినట్టు వినిపించిందంటే ప్లగ్ సరిగ్గా కూర్చున్నట్టు. మామూలుగానే వినిపించిందంటే తీసి మళ్లీ పెడతాను. ఒక్కొక్క చెవికీ అరనిమిషం, అంతే పని. ఆ నిమిషం కూడా తీరిక లేదనే టెక్నీషియన్‌తో మీరు గట్టిగానే మాట్లాడండి.

ప్లగ్ మీద హెడ్‌ఫోన్ పెడితే రెండు అంకెలూ కలిసిపోతాయనుకోవద్దు. 25కి 25 కలిపి 50 అవదు. రెండోది అదనంగా ఐదు నుంచి పది డెసిబెల్స్ తెస్తుంది. శబ్దం చెవి రంధ్రంలోంచే కాక పుర్రె ఎముక ద్వారా కూడా లోపలికి పోతుంది, దాన్ని ఏ ప్లగ్గూ ఆపలేదు. అయినా ఆ ఐదు పదికీ విలువ ఉంది, 3 టెస్లాలో ముఖ్యంగా. హెడ్‌ఫోన్‌లో పాటలు పెట్టమని అడిగితే పెడతారు, కానీ స్కాన్ మోతని మించి వినపడాలని వాల్యూమ్ పెంచమని అడగొద్దు.

చేతికి ఒక రబ్బరు బల్బు ఇస్తారు. నొక్కితే మేం మిషన్ నడిపే కంప్యూటర్ దగ్గర మోగుతుంది. అమ్మగారికి చెప్పండి: చెవిలో ప్లగ్ జారిపోయినట్టు అనిపించినా, ఉన్నట్టుండి మోత పెరిగినట్టు అనిపించినా నొక్కేయమనండి. "మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి తీయాలేమో, ఎందుకులే" అని ఓర్చుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. అలా కాదు. అప్పుడు నడుస్తున్న ఒక్క సీక్వెన్స్ మళ్లీ తీస్తాం, అంతే. ఐదు నిమిషాలు పోతాయి.

తక్కువ మోత చేసే పద్ధతులు కూడా ఉన్నాయి. దాదాపు ప్రతి కంపెనీ తన మిషన్లకి ఏదో ఒక సైలెంట్ ప్యాకేజీ ఇస్తోంది: జీఈది సైలెంట్ స్కాన్, సీమెన్స్‌ది క్వయిట్ సూట్, ఫిలిప్స్‌ది కంఫర్‌టోన్. ఒక జపాన్ కంపెనీ గ్రేడియంట్ కాయిల్‌నే గాలి తీసేసిన గదిలో బిగించింది, గాలి లేకపోతే శబ్దం ప్రయాణించదు కదా. కానీ ఇవి అన్ని సెంటర్లలోనూ ఉండవు, ఉన్నచోట కూడా కొన్ని సీక్వెన్సులకి సమయం పెరుగుతుందని వాడరు. అడగండి, లేదంటే పట్టుబట్టకండి. మంచి ప్లగ్ ఉంటే చాలు.

మీ ప్రశ్నలో లేకపోయినా, ఇది చదివే వేరేవాళ్ల కోసం ఇంకొన్ని రాస్తాను, ఎందుకంటే చెవికి ఎక్కువ ముప్పు ఉన్నది నోరు తెరిచి చెప్పుకోలేనివాళ్లకే.

మత్తు ఇచ్చి తీసే పిల్లలు, ఐసీయూ నుంచి స్పృహ లేకుండా తెచ్చేవాళ్లు. "మత్తులో ఉన్నాడుగా, ఏం వినపడుతుంది" అనుకుంటారు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు మధ్య చెవిలో ఒక చిన్న కండరం బిగుసుకుని లోపలికి పోయే శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది. మత్తు మందులతో ఆ రక్షణ కూడా మొద్దుబారుతుంది. పైగా వాళ్లు బల్బు నొక్కలేరు. ఒకసారి నాలుగేళ్ల పాపని మత్తులో తీస్తున్నాం. మధ్యలో కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మ స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) కోసం బల్ల బయటికి లాగితే ఎడమ చెవి ప్లగ్ దిండు మీద పడి ఉంది. ఎప్పుడు జారిందో తెలియదు. అప్పటి నుంచి మత్తు పిల్లలకి ప్లగ్ పెట్టాక పైన ఒక టేపు అతికిస్తాను, బల్ల బయటికి వచ్చిన ప్రతిసారీ చూస్తాను. ఆ పాపకి తర్వాత వినికిడి పరీక్ష చేయించాం, బాగానే ఉంది.

నెలల పిల్లలకి పెద్దవాళ్ల ప్లగ్ పట్టదు. వాళ్లకి చెవి మీద అతికించే చిన్న మఫ్స్ వస్తాయి, అవి తగ్గించేది తక్కువే, ఏడు డెసిబెల్స్ అలా. అందుకని పైన ఇంకో పొర పెట్టి, పాలు పట్టి, గుడ్డలో చుట్టి, నిద్రపోయాక తక్కువ మోత ఉన్న సీక్వెన్సులతో మొదలుపెడతాం.

పిల్లాడి పక్కన నిలబడే తల్లికి కూడా ప్లగ్గులు కావాలి. ఇది ప్రతిచోటా మర్చిపోతారు. బిడ్డకి పెడతారు, తల్లి అరగంట పాటు మిషన్ సొరంగంలోకి తల వంచి బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడుతుంది, వట్టి చెవులతో. మీతో పాటు మీ అమ్మగారి గదిలోకి ఎవరైనా వెళ్తే వాళ్లకీ అడగండి.

గర్భిణుల గురించి కూడా చాలామంది అడుగుతారు. కడుపులో బిడ్డకి తల్లి శరీరం, ఉమ్మనీరు మధ్యలో ఉండి శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి. కెనడాలోని ఒంటారియోలో లక్షల ప్రసవాల రికార్డులు చూసి 2016లో ఒక అధ్యయనం వేశారు. మొదటి మూడు నెలల్లో ఎమ్మారై తీయించుకున్నవాళ్ల పిల్లల్లో వినికిడి లోపం ఎక్కువగా ఏమీ కనిపించలేదు. డాక్టరు అవసరమని రాస్తే ఈ భయంతో ఆగొద్దు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ సంగతి మాత్రం వేరు, దాని గురించి డాక్టరుగారితో విడిగా మాట్లాడాలి.

చెవి మిషన్ పెట్టుకునే పెద్దవాళ్లు దాన్ని తీసి బయట పెట్టాకే లోపలికి రావాలి, అయస్కాంతం దాన్ని పాడు చేస్తుంది. ఒక పెద్దాయన తీసి జేబులో వేసుకుని, "ఇంకెందుకు బాబూ ప్లగ్గులు, నాకు ఎలాగూ వినపడదు" అన్నాడు. ముందు జేబులోది బయట పెట్టించాను. తర్వాత చెప్పాను, "తాతగారూ, మీకు మిగిలిన వినికిడే తక్కువ, దాన్ని ఇంకా జాగ్రత్తగా కాపాడుకోవాలి కదా" అని. ఒప్పుకున్నాడు. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరం) ఉన్నవాళ్లది వేరే సంగతి, లోపల అయస్కాంతమే ఉంటుంది. ఆరోగ్యశ్రీలో ఇంప్లాంట్ వేయించుకున్న పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లకి ఎమ్మారై రాస్తే ఇంప్లాంట్ కార్డు చూపించకుండా గదిలో అడుగు పెట్టనివ్వొద్దు.

ఇంకొకటి మందుల గురించి. మొండి టీబీకి వాడే అమికాసిన్, కొన్ని ఇన్‌ఫెక్షన్లకి ఇచ్చే జెంటామైసిన్, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్, ఇవి వాటంతట అవే చెవి కణాలని దెబ్బతీస్తాయి. ఈ మందుల మీద ఉన్నవాళ్లకి మాటిమాటికి ఎమ్మారైలు కూడా పడుతుంటాయి. వాళ్ల విషయంలో నేను ప్లగ్, హెడ్‌ఫోన్ రెండూ లేకుండా మొదలుపెట్టను.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఈ వారంలో ఈఎన్‌టీ, గులిమి చూపించడం, ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ. శబ్దం వల్ల దెబ్బ తగిలితే గ్రాఫులో 4000 హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) దగ్గర గీత గుంటలా కిందికి దిగుతుంది, 8000 దగ్గర మళ్లీ పైకి లేస్తుంది. వయసుతో వచ్చేదైతే 8000 వైపు జారుతూనే పోతుంది. ఆ గుంట ఉందో లేదో, ఉంటే రెండు చెవుల్లోనూనా ఒక్క కుడి చెవిలోనేనా అని డాక్టరుగారిని అడగండి. రిపోర్టు వచ్చాక అమ్మగారి పేరు చెరిపేసి గ్రాఫు ఇక్కడ పెట్టండి. నడుము స్కాన్ ఏ సెంటర్లో, ఎన్ని టెస్లా మిషన్ మీదో కూడా రాయండి. ఆ మిషన్ మీద ఏ సీక్వెన్సుల గురించి అడగాలో, ఏది నిదానంగా తీయమనాలో అప్పుడు చెబుతాను.